జూన్ 1న పుట్టినోళ్లు

జరుగుండ్రి, జర అటు జరుగుండ్రి. పొగ ఎటు కొడ్తదో అటే కూసుంటరు మీరు. అగో, ఆ కందికట్టె మొత్తం ఒక్కసారి ఎయ్యకు కొడుకా. గుప్పున మండుతది, గుప్పున ఆరుతది. కింద తుమ్మమొద్దు ఉండాలె, పైన రెండు రెండు పుల్లలు అందియ్యాలె. ఆఁ, గట్ల. ఇగ నడిజాము దాక సెగ ఉంటది. నిప్పులల్ల కందగడ్డలు పెట్టిన, మరువకుండ్రి.

ఏమన్నవు బిడ్డా, బడి బయటి పిల్లలా? మీ యూనివర్సిటీల ఇప్పుడు గా మాట వాడుతున్నరా? మంచిగనే ఉన్నది. మేం కొలువు చేసేటప్పుడు 'బడి మానేసినోళ్లు' అని రాస్తుంటిమి. మానేసిండు అంటే వాడే మానిండు, తప్పు వానిదే. బయట ఉన్నడు అంటే, ఎవలు పెట్టిండ్రు బయట అని అడగనీకి జర సందు దొరుకుతది. నీ సర్వే కాయితం చూసిన పొద్దున. 'బడి మానుటకు కారణం' అని గడులున్నయి. పేదరికం, తల్లిదండ్రులకు ఇష్టం లేదు, పిల్లకు ఆసక్తి లేదు. గదాంట్ల ఇంకో గడి గియ్యి: సారు పేరు కొట్టేసిండు అని. నవ్వకు. ఆ సారును నేనే.

నేను కొలువుల చేరింది 1979ల. రంగారెడ్డి జిల్లా పుట్టి అప్పటికి ఏడాది. చేవెళ్ల దిక్కు ఒక ఊళ్లె ఏకోపాధ్యాయ బడి. ఒక్క అర్ర, ముందట వసార. ఐదు తరగతులకు నేనొక్కణ్ణే. ఒకటో తరగతి పిల్లలు అర్ర నిండ ఉంటుండె. ఐదో తరగతికి వచ్చేసరికి ఒక్క చాప సరిపోతుండె. నాకు అండ్ల ఇచ్చంత్రం ఏం కనపడకపోయేది. నారు పోసినంక కొంత మురుగుతది గద, గట్లనే అనుకుంటుంటి.

బడికి ఆస్తి అంటే ఒక రేకుపెట్టె. దాంట్ల రెండు రిజిష్టర్లు. అడ్మిషన్ రిజిష్టర్ల పుట్టిన తేది రాయాలె. ఊళ్లె ఎవలకు తెలుసు తేదీలు? 'చెరువు తెగినేడు పుట్టిండు సారూ' అనేటోళ్లు, 'నల్లబర్రె ఈనినంక నెలకు' అనేటోళ్లు. చేర్చుకోవాలంటే ఐదేండ్లు నిండాలె. అందుకే పోరడు కుడిచెయ్యి తలమీదికెల్లి వేసి ఎడమచెవు అందుకుంటడో లేదో చూస్తుంటి. అందితే జూన్ 1 అని రాసుడే. మా ఊళ్లె సగం ఊరు జూన్ 1నే పుట్టింది. పేర్లు గూడ అంతే. ఇంట్ల పిలిచేది ఒకటి, నేను రాసేది ఒకటి.

రెండోది హాజరు పట్టి. దాని కథ వేరే. మొదలు డిప్టీ సార్లు వస్తుండె, మండలాలు అయినంక ఎంఈఓ సార్లు. ఎవలొచ్చినా ముందుగాల అడిగేది అదే. పట్టిల ఎన్ని పేర్లున్నయి, ఇయ్యాల ఎంతమంది వచ్చిండ్రు. అరవై పేర్లుండి ముప్పైమంది వస్తే 'ఏం మాస్టారూ, సగం బడి ఏడబోయింది' అంటరు. ముప్పై పేర్లుండి ఇరవైఏడుమంది వస్తే 'భేష్' అంటరు. ఇగ తెలివిగల్ల మాస్టరు ఏం జేస్తడు? రాని పోరని పేరు మీద ఎర్రసిరతోని గీత కొడ్తడు, పక్కన 'ఎల్.ఏ.' అని రాస్తడు, లాంగ్ ఆబ్సెంట్ అని. పిల్ల ఒక్కటి ఎక్కువ రాకుంటనే బడి హాజరు పెరుగుతది. నాకు ఇది చూపించింది నా ముందటి మాస్టరు, ఆయనకు చూపించింది ఆయన ముందటాయన.

గట్ల నేను కొట్టేసిన పేర్లల్ల ఒకటి యాదికుంది. పేరు చెప్ప. ఆయన ఈ పక్కూళ్లెనే ఉంటడు, బిడ్డలున్నరు. 1986ల ఒకటో తరగతిల చేర్చుకున్న. పేరు నేనే పెట్టిన, పుట్టిన తేది నేనే పెట్టిన, జూన్ 1, 1981. రెండో తరగతిల వానలు పడంగనే వచ్చుడు తక్కువ చేసిండు. వారంల రెండు దినాలు, మల్ల ఒక్క దినం, ఇగ మొత్తానికే బంద్. ఏడబోయిండురా అంటే 'పటేలింట్ల జీతముంటడంట సార్' అన్నరు పిల్లలు.

జీతం అంటే మీ నాయిన సాఫ్ట్‌వేర్ జీతం కాదు కొడుకా. అయ్య అప్పు తెచ్చిండు. ఆ అప్పు కింద కొడుకు పోయి బర్లు కాయాలె, పెండ తియ్యాలె, పంట మీద ఉన్నప్పుడు కల్లంకాడ పండాలె. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక జత బట్టలు, ఒక గొంగడి. అప్పు మటుకు ఏడున్నది ఆడనే ఉంటది. వెట్టి చాకిరి రద్దు అని 1976లనే చట్టం వచ్చింది. గాని ఊళ్లె ఎవలూ దాన్ని వెట్టి అనరు గద, జీతం అంటరు. మాట మారినంక చట్టానికి గుర్తు ఎట్ల దొరుకుతది?

నెల చూసిన. రెండో నెల ఎర్రసిర తీసిన.

నాకు మనసు లేకుండెనా అంటే, ఉండె. మనసు కుదుటపడేటందుకు సర్కారే ఒక మందు ఇచ్చింది. రాత్రి బడి. అనియత విద్య అని పేరు. పగలు పని చేసుకునే పిల్లలకు పొద్దుమీకి రెండు గంటలు చదువు. 1986 జాతీయ విద్యా విధానం దాని మీద శానా నమ్మకం పెట్టింది. బాల కార్మికుల చట్టం వచ్చింది గూడ అదే ఏడు. ప్రమాదమైన పనులల్ల పిల్లలను పెట్టొద్దన్నది, మిగిలిన కార్ఖానల, దుకాణాల పనులకు ఇన్ని గంటలు, ఇన్ని సెలవులు అని లెక్క చెప్పింది. బర్లెంట పోయే పోరని దాక ఆ లెక్క రానే రాలె. రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి చదువు బిడ్డా. పని ముందు, చదువు మిగిలిన పొద్దుల అనే కదా అర్థం? అప్పుడు మాకు గట్ల కొట్టలే. ఏదో ఒకటి దొరికింది గద అనుకున్నం.

ఆ రాత్రి బడి మా వసారలనే నడుస్తుండె. ఇంటర్ ఫెయిలైన పిలగాడు చెప్తుండె, చాయ్ పైసలంత ఇస్తుండ్రి వానికి. ఒక దినం నేను పట్నంకెల్లి ఆఖరు బస్సుకు దిగి, అటే పోతూ తొంగి చూసిన. నడిమిట్ల ఒక్క కందిలి. చుట్టూ పదిమంది పిల్లలు. పటేలింటి పోరడు గూడ ఉన్నడు. పలక తొడ మీద ఉన్నది, 'ఆ' సగం రాసి ఉన్నది. బలపం ఏళ్ల సందున అట్లనే ఉన్నది. కూసున్నోడు కూసున్నట్టే నిద్రపోయిండు. కాళ్ల పగుళ్లల్ల ఎండిన పెండ. తల కందిలి మీదికి ఒంగుతున్నదని భుజం పట్టి ఇటు ఒరిగించిన. ఉలిక్కిపడి లేచిండు. చేతులు కట్టుకొని, 'గడ్డి ఏసిన పటేలా' అన్నడు.

ఆ రాత్రి పట్టిల వానికి హాజరు పడ్డది. అది గూడ నా కండ్లతోని చూసిన.

కందగడ్డ తిప్పు బిడ్డా, ఒక్క దిక్కే కాలుతున్నది.

1991ల జనాభా లెక్కలు. ఇంటింటికి తిరిగిందెవలనుకున్నవు? మేమే, టీచర్లం. ఆ పోరనింటికి గూడ నేనే పోయిన. పోరడు ఏం జేస్తడే అంటే, 'ఏం జేస్తడు సారూ, ఉత్తగనే ఉంటడు' అన్నడు అయ్య. పని చెయ్యడు అని రాసిన. బడికి పోడు అని గూడ రాసిన. లెక్కలు బయటికొచ్చినయి. దేశం మీద 5 నుంచి 14 ఏండ్ల పిల్లలు పనిచేసేటోళ్లు కోటీ 12 లక్షల పైన, అండ్ల మన ఉమ్మడి రాష్ట్రంలనే 16 లక్షల 60 వేలు. దేశంల మొదటి నంబరు మనదే. గంత పెద్ద లెక్కల గూడ మా పటేలింటి పోరడు లేడు. అటు బడి పట్టిల లేడు, ఇటు పని పట్టిల లేడు. గసొంటోళ్లు ఇంకెంతమంది ఉన్నరో లెక్క చెయ్యి నువ్వే.

అప్పుడే ఎం.వి. ఫౌండేషనోళ్లు మా జిల్లాల పిల్లల పని పట్టుకున్నరు. మామిడిపూడి వెంకటరంగయ్య అని పెద్ద చరిత్ర పండితుడు, ఆయన పేరు మీద 1981ల పెట్టిన సంస్థ. ఆయన మనుమరాలు శాంతా సిన్హా, సెంట్రల్ యూనివర్సిటీల రాజనీతిశాస్త్రం చెప్పే మేడమ్. తర్వాత 2003ల ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది, 2007ల బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయింది. అప్పుడు అవేం లేవు మరి. ఊళ్లల్ల ఉన్న చదువుకున్న పిలగాండ్లను కూడగట్టుకొని ఇల్లిల్లు తిరుగుతుండ్రి. వాళ్లది ఒకటే మొండి మాట: బడిల లేని ప్రతి పిల్ల పనిల ఉన్నట్టే. పని మంచిదా చెడ్డదా అని తూకం ఏసేది లేదు. రాత్రి బడి వద్దు, పగటి బడే కావాలె.

మేం టీచర్లం చాయ్ హోటల్ల కూసోని నవ్వుకున్నం. తిననీకి లేనోళ్లకు పట్నంకెల్లి వచ్చి పాఠాలు చెప్తున్నరు అని. నేనైతే జర గట్టిగనే అన్న.

వాళ్లల్ల ఒక పిలగాడు, మా ఊరోడే, నన్ను పట్టుకొని ఆ పోరని ఇంటికి తోలుకపోయిండు. సారు వస్తే అయ్య ఇంటడని వాని లెక్క. పోరని అయ్య వాకిట్ల కూసోని పగ్గం పేనుతున్నడు. కూసో సారూ అన్నడు, పేనుడు ఆపలే. మా పిలగాడు చదువు గురించి చెప్పుకుంటపోతున్నడు. అయ్య అంత ఇన్నడు. ఇని గిట్లన్నడు: 'సదువు వద్దనే అయ్య ఉంటడా బిడ్డా? నేను పంపితినే. నాట్లప్పుడు రెండు నెలలు నాగ అయినయి. దసరంక మల్ల తోలుకపోయిన. పేరు లేదన్నడు సారు. మల్ల జూన్ల రా అన్నడు. జూన్ దాక పోరణ్ణి ఇంట్ల కూసోపెట్టి ఏం పెట్టాలె? అప్పటికి పటేలు అడుగుతనే ఉండె.'

ఆయన పోరణ్ణి తీసుకొని బడికి వచ్చింది నాకు యాదికి లేకుండె. ఎంత గుర్తు చేసుకున్నా రాలె. ఆయనకు మటుకు నేను ఏడ నిలవడ్డది గూడ యాదికున్నది.

మొన్న నువ్వు చెప్తివి చూడు, మైరన్ వీనర్ అని అమెరికా ప్రొఫెసర్, 1991లనే పుస్తకం రాసిండని. భారతదేశంల పిల్లలు బడి బయట ఉండేదానికి ఉత్త పేదరికమే కారణం కాదు, గరీబోళ్ల పిల్లలు పనికే పుట్టిండ్రు అని చదువుకున్నోళ్లు, అధికార్లు, మాస్టర్లు లోపల నమ్ముడు గూడ కారణం అని. మల్ల 1999ల ఉత్తరాది రాష్ట్రాల ఊళ్లు తిరిగి ఇంకో రిపోర్టు రాసిండ్రంటివి, తల్లిదండ్రులకు చదువు కావాలెనని గట్టిగనే ఉన్నదని. నాకు ఆ పుస్తకాలు చదవాల్సిన పని లేదు బిడ్డా. పగ్గం పేనుకుంట ఆయన ఐదు నిమిషాలల్ల చెప్పిండు.

పటేలుతోని పంచాయతి వేరే కథ, రెండు రాత్రులు పట్టింది. పిలగాండ్లు, సర్పంచి, ఇద్దరు టీచర్లం కూసున్నం. పటేలు చెడ్డోడని చెప్ప. మా బడికి తలుపులు చేయించి ఇచ్చింది ఆయనే. 'పోరణ్ణి నేను గుంజుకొచ్చిన్నా, వాళ్లయ్య ఇచ్చిండు' అంటడు. సంస్థోళ్లు అప్పు కట్టలే, అయ్యకు గూడ ఒక్క పైస ఇయ్యలే. అది నాకు అప్పుడు కఠినంగ కనపడ్డది. పైసలిస్తే పిలగానికి ఒక రేటు పడ్తది, రేపు పక్కింటోడు గూడ రేటు అడుగుతడు అన్నరు. ఆఖరికి అప్పు అయ్య మీదనే ఉండాలె, పోరని మీద ఉండొద్దు అని తేలింది. పటేలు ఒక పెద్దమనిషిని జీతానికి పెట్టుకున్నడు, ఎక్కువ జీతానికి. నెలరోజులు మాతోని మాట్లాడలే.

పోరణ్ణి క్యాంపుకు తోలిండ్రు. పదకొండేండ్లోణ్ణి తీసుకపోయి ఒకటో తరగతిల చిన్నపిల్లల నడుమ కూసోపెడ్తే సిగ్గుకే పారిపోతడు. అందుకే నడుమ ఈ క్యాంపు, బ్రిడ్జి కోర్సు అంటుండ్రి. ఆడనే తిని, ఆడనే పండి, ఏడాది పైన చదివి, వయసుకు తగ్గ తరగతిల పోయి కూసోవాలె. మొదటి వారం రెండుసార్లు ఉరికిండు మావోడు. ఇంటికి కాదు, బర్లకాడికి.

మూడు నెలలకు చూడనీకి పోయిన. రేకుల షెడ్డు, గోడకు నల్లరంగు. మొదటి పాఠం మాటలు ఆ గోడ మీద పెద్దగ రాసి ఉన్నయి: పలుపు, కుడితి, దొడ్డి, గొంగడి. పిల్లలే చెప్పిన మాటలంట, వాటికెల్లే అక్షరాలు విడగొట్టి చెప్తున్నరు. నేను పన్నెండేండ్లు 'అమ్మ, ఆవు, ఇల్లు' చెప్పిన. అవి గూడ తెలిసిన మాటలేనాయె. గాని ఆ 'గొంగడి' కాడ పిల్లలు ఎట్ల ఒర్రుతున్నరో చూడాలె, షెడ్డు ఎగిరిపోయేటట్టు. చెప్పేటోడు ఇంటర్ చదివిన పిలగాడు. నాకు జర కుళ్లు పుట్టింది, దాచుడెందుకు.

1993ల, డిసెంబర్ల, నా బడికే తోలుకొచ్చిండ్రు, ఐదో తరగతిల చేర్చుకో అని. అప్పటికి నల్లబల్ల పథకం కింద రెండో అర్ర, రెండో టీచరు వచ్చిండ్రు. డిసెంబర్ల అడ్మిషనా? పైనున్న సారొకాయన ఫైరయిండు. 'నడిమిట్ల చేర్చుకుంటే రిజల్టు ఏంగావాలె? టీసీ ఏది? బర్త్ సర్టిఫికెట్ ఏది?' అన్నడు. బర్త్ సర్టిఫికెట్ నా రేకుపెట్టెలనే ఉన్నది సార్ అన్న. ఆయనకు తెల్వలే నేనేమన్ననో.

పాత రిజిష్టర్ తీసిన. నా చేతిరాతనే, నా గీతనే. ఎర్రసిర పాతబడితే రంగు వెలుస్తది, తెలుసా? కొట్టేసిన దాన్ని మల్ల లేపనీకి లేదు. ఆఖరు నంబరు కింద కొత్త నంబరు ఏసి, అదే పేరు, అదే జూన్ 1 రాసిన.

2009ల విద్యాహక్కు చట్టం వచ్చినంక, రిటైరయ్యే ముందు, ఒక ట్రైనింగుల దాన్ని తెలుగుల చదివిపిచ్చిండ్రు మాతోని. 2010 ఏప్రిల్ 1కెల్లి అమలు. నాలుగో సెక్షన్: వయసుకు తగ్గ తరగతి, దానికి ప్రత్యేక శిక్షణ. అంటే క్యాంపే. పద్నాలుగో సెక్షన్: వయసు రుజువు లేదని అడ్మిషన్ ఆపొద్దు. పదిహేనో సెక్షన్: గడువు దాటినా చేర్చుకోవాలె. చదువుకుంట చదువుకుంట నా గొంతు పట్టుకపోయింది. పక్క టీచరు నీళ్లు అందిచ్చిండు, దుమ్ము అనుకున్నడు.

ఆ హక్కు పుట్టిన కథ గూడ ఇచ్చంత్రం. 1993ల సుప్రీంకోర్టుల ఉన్నికృష్ణన్ కేసు, ఎదురు పార్టీ మన ఆంధ్రప్రదేశ్ సర్కారే. కొట్లాట దేని మీద? డాక్టరు, ఇంజనీరు కాలేజీల డొనేషన్ల మీద. ఆ తీర్పులకెల్లి పద్నాలుగేండ్ల దాక చదువు ప్రాథమిక హక్కు అని మాట బయటపడ్డది. పైసలున్నోళ్ల కాలేజీ పంచాయతిల, బర్లకాడి పోరనికి వాటా దొరికింది. మల్ల దాన్ని రాజ్యాంగంల రాయనీకి 2002 దాక, చట్టం చెయ్యనీకి 2009 దాక ఆగిండ్రు. అప్పటికి మావోనికి ఇరవై ఎనిమిదేండ్లు, నా లెక్క ప్రకారం.

ఇంకో ముచ్చట చెప్పకుంటే నాకు నిద్ర పట్టది. ఆ పోరనికి ఒక అక్క ఉండె. రెండేండ్లు పెద్ద. వాళ్లింటికి ఎప్పుడు పోయినా సంకల చిన్నపిల్లతోని నిలవడి ఉంటుండె. మేం పోరని గురించి రెండు రాత్రులు పంచాయతి చేసినం గద, ఆమె గురించి ఎవలమూ ఒక్క మాట ఎత్తలే. క్యాంపోళ్లు ఆడపిల్లలకు గూడ పెట్టిండ్రు. వాళ్లొచ్చి అడిగేటాళ్లకు ఆమెకు పెండ్లయింది, పద్నాలుగేండ్లకు. 2004ల కస్తూర్బా బడులు వచ్చినయి బడి మానిన ఆడపిల్లల కోసమని. అప్పటికి ఆమె బిడ్డనే బడీడుకు వచ్చింది. పోరని పేరన్న రాసి కొట్టేసిన. ఆమె పేరు కొట్టేయనీకి నేను రాయనే లేదు.

కట్టె అందియ్యి.

తర్వాత తర్వాత మా టీచర్లం గూడ 'బాల కార్మిక విమోచన వేదిక' అని కట్టుకొని ఊళ్లు తిరిగినం. చాయ్ హోటల్ల నవ్వినోళ్లమే. బియ్యం పథకం గూడ వచ్చింది, 1995 ఆగస్టు 15న. నెలకు మూడు కిలోలు, నూటికి ఎనభై హాజరుంటేనే. అప్పుడు నా పట్టి బియ్యం పట్టి అయింది. తల్లులొచ్చి 'ఒక రెండు గీతలు పెట్టు సారూ' అంటుండ్రి. పెట్టిన. తప్పే. ఆ తప్పుకు మటుకు నాకు నిద్ర ఎన్నడు చెడలే. 2003 జనవరికెల్లి బడిలనే వండిపెట్టుడు మొదలైంది, ఆ బాధ తప్పింది.

నువ్వు చేస్తవు చూడు బిడ్డా, ఒక్కదినం పోయి కాయితం నింపుకొని వచ్చుడు, అండ్ల నాకు నమ్మకం తక్కువ. 'యంగ్ లైవ్స్' అని చెప్పినవే, 2002కెల్లి మన ఉమ్మడి రాష్ట్రంల మూడువేల మంది పిల్లలను పట్టుకొని, మల్ల మల్ల వాళ్లకాడికే పోయి అడుగుతున్నరని. అది నాకు నచ్చింది. ఎందుకంటే ఏ పిల్లా ఒక్కదినం బడి మానది. నాట్లకు రెండు నాగలు, చెల్లెకు జరం వస్తే మూడు, జాతరకు ఒకటి. మల్ల వచ్చిన్నాడు పాఠం ముందుకు పోయుంటది, సారు గుర్రుమంటడు. ఆ నాగలు ఏడ మొదలైనయో నీ కాయితంల పట్టుకో. వానిని పిలవనీకి పోయే దినం అదే. నేను అదే దినం ఎర్రసిర వెతుకుతుంటి.

ఏంది కొడుకా, వాడు కలెక్టరయిండా? లేదురా. పదో తరగతి ఒకసారి తప్పిండు, రెండోసారి గట్టెక్కిండు. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతడు, పట్నం మార్కెట్‌కు కూరగాయలు కొడ్తడు. ఇద్దరు బిడ్డలు గురుకులంల ఉన్నరు. ఎక్కడ కనపడ్డా ఆటో ఆపి దిగుతడు, నడిరోడ్ల అయినా సరే, ఎనక హారన్లు కొట్టినా సరే.

మొన్న ఎండకాలం ఎదురైండు. ఫోన్ తీసి నాకు చూపెట్టిండు. బ్యాంకోడు, ఇన్సూరెన్సోడు, ఆటో ఫైనాన్సోడు, పొద్దుగాల్ల లేవంగనే ముగ్గురు మెసేజులు పంపిండ్రంట, పుట్టినరోజు శుభాకాంక్షలని. 'ఏడాదేడాది గిదే లొల్లి సారూ. మా అవ్వనడిగితే చలికాలం పుట్టినవురా అంటది. నువ్వేం జూసి రాసినవు జూన్ ఒకటి?' అన్నడు.

చెయ్యి చెవుకు అందిందిరా, గది చూసి రాసిన అన్న.

ఆడనే రోడ్డు మీద నిలవడి, కుడిచెయ్యి తలమీదికెల్లి వేసి ఎడమచెవు పట్టుకొని చూసుకున్నడు. ఎనక బస్సోడు ఒకటే హారను.

అగో, కందగడ్డ మాడిపాయె. చెప్తి గద తిప్పమని.